ఆదిలాబాద్ డోక్రా

ఆదిలాబాద్ అడవి పల్లెల్లో ఓజాలు అనే పోతగాళ్లు చేసే ఇత్తడి పోత పనిని ఆదిలాబాద్ డోక్రా అంటారు. చేయదలచుకున్న వస్తువును ముందు తేనెమైనంతో పూర్తిగా తయారు చేస్తారు. దానికి మట్టి పూసి, ఆరబెట్టి, కాలుస్తారు. మైనం కరిగి పోగా లోపల ఏర్పడిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పంపిస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే మైనంలో ఉన్న ప్రతి గీతా ఇత్తడిలో కనిపిస్తుంది. వస్తువుకు అతుకు ఉండదు. అచ్చు ఒక్క పోతతోనే పగిలిపోతుంది కాబట్టి ఏ రెండు వస్తువులూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండవు. ఈ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

దుకాణాల్లోనూ ప్రదర్శనల్లోనూ దీన్ని ‘గిరిజన కళ’ అనే అరలో పెట్టి చూపడం అలవాటైంది. ఆ పేరు తప్పు కాదు గానీ, దానితో ఈ పనిలో సగమే కనిపిస్తుంది. ఇది మట్టి గుణం, మైనం బరువు, లోహం కరిగే వేడి, గాలి తప్పించుకునే దారి, ఇవన్నీ లెక్కలోకి తీసుకునే సాంకేతిక విద్య. హైదరాబాద్‌లోని ఒక ప్రయోగశాలలో విమాన ఇంజన్ రెక్కలు పోసేవారూ, విదేశాల్లో బల్ల మీద నడిచే నమూనా రైలు వ్యాగన్లకు వేలి గోరంత భాగాలు పోసేవారూ వాడేది ఇదే పద్ధతి. ఆదిలాబాద్ ప్రాంతంలోని ఉషేగావ్‌లో ఆ పని గూడెం మధ్యలో, కట్టెల నిప్పు మీద, పాత ఇత్తడితో సాగుతుంది.

ఊళ్లు, మనుషులు

2016 అక్టోబరులో పాత ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ అనే నాలుగు జిల్లాలైంది. డోక్రా పని చేసే గూడేలు ఇప్పుడు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో ఉన్నాయి. వాటిలో ఎక్కువగా వినిపించే పేరు ఉషేగావ్. కేస్లాగూడ, తోషం, చిత్తల్‌బోరి పేర్లూ ఈ పనితో ముడిపడినవే.

పని చేసేవారిని ఓజాలు, వోజరీలు అంటారు. మరాఠీ మాట కలిసే పల్లెల్లో ఓతారీలు అనడమూ ఉంది. సంఖ్యలో చిన్న సమాజం. గోండుల సామాజిక వ్యవస్థలో వీరికి స్థిరమైన చోటు ఉంది. వంశగాథలు పాడేది పర్ధాన్లూ తోటీలూ అయితే, పూజకూ ఆటకూ కావలసిన ఇత్తడి అందించేది ఓజాలు. అంటే ఈ పని సంత కోసమో పర్యాటకుల కోసమో పుట్టింది కాదు. ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ తరతరాల ఎరుక ఉంది.

ఈ లోకాన్ని దగ్గరగా చూసి పుస్తకంలోకి ఎక్కించిన పరిశోధకుడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. 1940లో జోడేఘాట్‌లో గోండు తిరుగుబాటు నాయకుడు కుమురం భీం ప్రాణాలర్పించిన తర్వాత, గోండుల అశాంతికి కారణాలు తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చింది. ఆస్ట్రియాలో పుట్టిన హైమెండార్ఫ్ 1941 నుంచి భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మర్లవాయిలో ఉండి పని చేశాడు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన రాసిన గ్రంథం 1948లో వెలువడింది. గోండుల పూజావస్తువులు ఎలా ఉంటాయో, ఎవరు ఏ సేవకు బాధ్యులో తెలుసుకోవడానికి అది నేటికీ మొదట తెరవవలసిన పుస్తకం. ఆ దంపతుల సమాధులు మర్లవాయిలోనే ఉన్నాయి.

పూజలో, ఆటలో ఇత్తడి

గోండుల వంశదేవత పెర్సాపేన్. విగ్రహం పెట్టి కొలిచే దేవుడు కాదు. ఇనుప ఈటె మొన, జడలబర్రె తోక చామరం, ఇత్తడి గంటలు ఆ దేవతకు గుర్తులు. ఏడాది పొడుగునా వాటిని ఊరి బయట భద్రంగా దాచి, పూజ రోజున బయటికి తీస్తారు. గంట మోగకుండా ఆ పూజ సాగదు. అందుకే ఓజా పోసే వస్తువుల్లో గంటదే మొదటి స్థానం. అదే అన్నిటికన్నా కష్టమైనది కూడా. బొమ్మ ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా వచ్చినా చూసేవారికి తెలియదు. గంట గోడ మందం తేడాగా వస్తే మోతలోనే తెలిసిపోతుంది. లోపల గాలిబుడగ చిక్కితే శబ్దం బొంగురుపోతుంది.

దీపావళి రోజుల్లో సాగే దండారీ పండుగలో గుస్సాడీ వేషగాళ్లు నెమలి ఈకల టోపీ పెట్టి, నడుముకూ కాళ్లకూ గంటలూ గజ్జెలూ కట్టుకుని ఆడతారు. గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు మర్లవాయివారే. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్యమాస అమావాస్య నాడు మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతరకు ఈ ప్రాంతపు గోండులందరూ కదిలివస్తారు. ఇలాంటి సందర్భాల కోసమే గంటలు, గజ్జెలు, దీపాలు, దేవతా రూపాలు, గుర్రం ఏనుగుల బొమ్మలు పోయడం ఓజాల వృత్తి. పట్నంలో అమ్ముడుపోయే నెమళ్లూ, ఏనుగు దీపాలూ, తలుపు పిడులూ దానికి తర్వాత వచ్చి చేరినవి.

మైనం పని

డోక్రాలో ఎక్కువ రోజులు పట్టేది ఇత్తడి పని కాదు, మైనం పని. ఇత్తడి పోయడం ఒక పూటలో ముగుస్తుంది. దానికి ముందు మట్టీ మైనమూ పట్టే ఓపికే వస్తువు నాణ్యతను తేలుస్తుంది.

చిన్న వస్తువును పూర్తిగా మైనంతోనే చేసి ఘనంగా పోస్తారు. పెద్దదాన్ని అలా పోస్తే ఇత్తడి ఖర్చు తట్టుకోలేం, బరువూ మోయలేం. పైగా మందమైన లోహం చల్లారేటప్పుడు లోపలికి కుంగిపోతుంది. అందుకని పెద్ద వస్తువుకు ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారు. జల్లించిన మట్టిలో ఊకో, పేడో కలుపుతారు. కాల్చినప్పుడు ఊక మాడిపోయి మట్టిలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. వేడి గాలి వాటి గుండా తప్పించుకుంటుంది. వట్టి బంకమట్టితో చేస్తే ముద్ద బిగుసుకుని పగులుతుంది.

తేనెమైనం ఒక్కటే అయితే ఎండకు మెత్తబడి జారిపోతుంది, చలికి పెళుసెక్కుతుంది. డోక్రా పని ఉన్న ప్రాంతాలన్నిటా మైనంలో గుగ్గిలం వంటి చెట్టు బంక కలిపి కాస్తారు. పాళ్లు కాలాన్ని బట్టి మారతాయి. ఎండాకాలంలో బంక పాలు పెంచుతారు, చలికాలంలో తగ్గిస్తారు. ఆ పాకం కుదిరిందో లేదో వేళ్ల మధ్య నలిపి చూసి చెప్పేస్తారు.

తర్వాత తీగె తీయడం. అడుగున సన్నని చిల్లులున్న బిళ్ల అమర్చిన గొట్టంలో మైనం వేసి గట్టిగా నొక్కితే, జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు మైనపు తీగెలు జారుతాయి. ఆ తీగెను మట్టి ముద్ద చుట్టూ పక్కపక్కనే ఆనించి చుట్టుకుంటూ పోతారు. ఏనుగు ఒంటి మీద కనిపించే దగ్గరదగ్గర గీతలు ఇవే. తర్వాత చెక్కినవి కావు. తీగెను మెలిపెడితే తాడు, చుట్ట చుడితే కన్ను, వంచితే తొండం మీది ముడతలు, జడలా అల్లితే గంట అంచు. చేతి వేలి ముద్ర మైనం మీద పడితే అదీ ఇత్తడిలోకి వస్తుంది.

బొమ్మ పూర్తయ్యాక లోహం దిగేందుకు ఒక దారి, గాలి పోయేందుకు మరికొన్ని దారులు మైనపు పుల్లలతోనే అతికిస్తారు. పై భాగాన గరాటు లాంటి నోరు. ఈ పుల్లలు ఎక్కడ పెట్టాలన్నది పుస్తకం చూసి నేర్చుకునేది కాదు. లోహం కిందికి దిగుతూ గాలిని ఏ మూలకు తరుముతుందో మనసులో ముందే చూడగలగాలి. నెమలి తోక చివరా, ఏనుగు చెవి అంచూ గాలి చిక్కే చోట్లు. అక్కడ దారి ఇవ్వకపోతే తోక కొస మొండిగా మిగులుతుంది.

మైనం మీద మొదటి పూత బాగా వస్త్రకాయితం పట్టిన మెత్తని మట్టి. గీతలను పట్టుకునేది ఈ పొరే. అది నీడన ఆరాక రెండో పూత, ఆ పైన ఊక కలిపిన ముతక మట్టి. ఎండలో తొందరపెడితే పైపొర ఆరి లోపలిది తడిగా ఉండిపోతుంది. తడి ఉన్న అచ్చులో కరిగిన ఇత్తడి పడితే నీరు ఆవిరై పదహారు వందల రెట్లకు పైగా ఉబ్బుతుంది. అచ్చు పేలిపోయి లోహం పైకి చిమ్ముతుంది. ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం అది.

బోలు పోతలో మరో చిక్కు ఉంది. మైనం కరిగిపోయాక లోపలి ముద్దకు ఆధారం ఉండదు. అది పక్కకు జరిగితే ఇత్తడి గోడ ఒకవైపు పలుచనై చిల్లు పడుతుంది. అందుకని మైనం గుండా లోపలి ముద్దలోకి సన్నని ఇనుప మేకులు దిగగొట్టి, వాటి కొసలు బయటి మట్టిలో నిలిచేలా చూస్తారు.

ఎంత మైనానికి ఎంత ఇత్తడి

పోయడానికి ముందు తెలియవలసిన ముఖ్యమైన లెక్క ఇది. లోహం తక్కువైతే బొమ్మ సగంలో ఆగిపోతుంది. మళ్లీ కరిగించి పోస్తే రెండు పోతలూ కలవవు, మధ్యలో చీలిక మిగులుతుంది. అన్ని రోజుల మైనం పనీ మట్టిపాలు.

పరిష్కారం సులువు. బొమ్మకు వాడిన మైనాన్ని ముందే తూకం వేసుకోవాలి. మైనం సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.96 గ్రాములు, ఇత్తడిది 8.4 నుంచి 8.7. అంటే అదే చోటు నింపడానికి మైనం బరువుకు దాదాపు తొమ్మిది రెట్లు ఇత్తడి కావాలి. 100 గ్రాముల మైనం పట్టిన బొమ్మకు 900 గ్రాములు. దారుల్లోనూ గరాటులోనూ నిలిచిపోయేదాన్ని కూడా లెక్కలో కలుపుకోవాలి.

ఈ లెక్క కొత్తది కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1131 ప్రాంతంలో కూర్చిన ‘మానసోల్లాసం’లో మైనపు పోత విధానం వివరంగా ఉంది. మైనాన్ని తూచి, ఇత్తడికీ రాగికీ ఎనిమిది రెట్లు (కొన్ని పాఠాల్లో పది), వెండికి పన్నెండు, బంగారానికి పదహారు రెట్లు లోహం తీసుకోమని అందులో చెప్పారు. నేటి సాంద్రతల ప్రకారం వెండికి దాదాపు పదకొండు రెట్లు సరిపోతుంది కాబట్టి, కాస్త ఎక్కువే పెట్టుకోమన్నారన్నమాట. 

నిప్పు

డోక్రా ప్రాంతాల్లో పోత రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిదానిలో అచ్చును కాల్చి మైనం బయటికి వంపేస్తారు. లోహాన్ని మూసలో వేరుగా కరిగించి వేడి అచ్చులో పోస్తారు. రెండో పద్ధతి ఇంకా చమత్కారంగా ఉంటుంది. లోహపు ముక్కలు నింపిన మట్టి గిన్నెను అచ్చు నోటికే అతికించి, చుట్టూ మట్టితో మూసేసి, మొత్తం ఒకే ముద్దగా కొలిమిలో పెడతారు. లోహం కరిగిందని తెలియగానే పటకారుతో పట్టి తలకిందులు చేస్తారు. గిన్నెలోని ఇత్తడి గాలి తగలకుండానే అచ్చులోకి దిగిపోతుంది. బస్తర్ ప్రాంతపు ఘడ్వా పోతగాళ్లు ఈ రెండో పద్ధతిలో దిట్టలు.

ఇత్తడి అంటే రాగిలో తుత్తునాగం. రెండిటి పాళ్లను బట్టి అది 900 నుంచి 950 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. తుత్తునాగం మాత్రం 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. కరగడానికీ, ఆవిరైపోవడానికీ మధ్య ఉన్న ఎడం ఎంత ఇరుకో దీన్నిబట్టి తెలుస్తుంది. వేడి తక్కువైతే లోహం దారి మధ్యలోనే గడ్డకడుతుంది. ఎక్కువసేపు ఉంచితే తుత్తునాగం తెల్లని పొగగా లేచిపోయి, ఇత్తడి ఎర్రబారుతుంది. ఆ పొగ పీల్చినవారికి రాత్రికి చలీ జ్వరమూ వస్తాయి. వేడిని కొలిచే పరికరం లేనిచోట మంట రంగే కొలత. మూస మీద ఆకుపచ్చ కలిసిన తెల్లని మంట ఆడిందంటే తుత్తునాగం లేస్తోందని అర్థం, ఆలస్యం చేయకూడదు.

చల్లారిన అచ్చును పగలగొట్టి, దారుల్లో గడ్డకట్టిన పుల్లలను కోసేసి, ఉలితో మట్టి గీకి, ఆకురాయితో అంచులు రుద్ది, మెరుగుపెడతారు. చల్లారేటప్పుడు ఇత్తడి నూటికి ఒకటిన్నర, రెండు వంతుల మేర కుదించుకుపోతుంది. దీపం కుంది లాంటి వాటికి ఇది పట్టించుకోనక్కర లేదు. ఒకదానిలో ఒకటి ఇమడవలసిన మూత, పెట్టె లాంటి జత వస్తువులకు మాత్రం ఆ మేరకు మైనాన్ని పెద్దదిగా చేయాలి.

గోదావరి ఎగువన దొరికిన బండి

మైనపు పోతకు మన దేశంలో అందరికీ తెలిసిన సాక్ష్యం మొహెంజొదారో నాట్యగత్తె. 1926లో బయటపడిన ఆ కంచు బొమ్మ ఎత్తు 10.5 సెంటీమీటర్లు, వయసు నాలుగు వేల ఏళ్లకు పైమాటే. ఇప్పుడు ఢిల్లీ జాతీయ మ్యూజియంలో ఉంది. డోక్రా గురించి రాసేవారందరూ దాన్ని తప్పకుండా తలుచుకుంటారు. ఆదిలాబాద్‌కు దాని కన్నా దగ్గరి చుట్టం వేరే ఉందని నా అభిప్రాయం.

పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలకు గోదావరే సరిహద్దు. ఆ నదికి ఎగువన, మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్) జిల్లాలో, ప్రవర అనే ఉపనది ఒడ్డున దైమాబాద్ ఉంది. 1974లో అక్కడ ఒక రైతుకు నాలుగు లోహపు బొమ్మలు దొరికాయి. మూడు జంతువులు: ఏనుగు, ఖడ్గమృగం, దున్న. నాలుగోది రెండెడ్లు పూన్చిన రథం. దాని పొడవు 45 సెంటీమీటర్లు, వెడల్పు 16. నిలబడి తోలే మనిషి ఎత్తు కూడా 16 సెంటీమీటర్లే. నాలుగూ ఘనపోతలు, కలిపి అరవై కిలోలకు పైగా బరువు. దున్నా ఖడ్గమృగమూ చక్రాల మీద నిలబడి ఉన్నాయి. మలి హరప్పా కాలానివని చాలామంది పండితుల నిర్ణయం. కాలం విషయంలో వాదన ఉంది. ఎస్. ఎ. సాలి ఆధ్వర్యంలో 1975 నుంచి 1979 వరకు అక్కడ తవ్వకాలు సాగాయి.

ఆ రథాన్ని చూస్తే చేసినవారికి బండి పని తెలుసని అర్థమవుతుంది. కాడి ఎక్కడ ఆనాలో, తోలేవాడు ఎక్కడ నిలబడాలో, చక్రం మీద బరువు ఎలా పడాలో కొలతగా చూపించారు. గోదావరి లోయలో లోహంతో పోసిన వాహన నమూనాకు ఇంతకన్నా పాత ఉదాహరణ నాకు తెలియదు. దైమాబాద్ పోతగాళ్ల నుంచి ఓజాల దాకా తెగని వంశపరంపర ఉందని చెప్పేందుకు ఆధారం లేదు. విద్య ఈ నదీ తీరాల్లో చాలా పాతదని మాత్రం చెప్పవచ్చు.

ఉత్తర తెలంగాణకు లోహంతో ఉన్న అనుబంధం ఇత్తడితో ఆగదు. ఈ ప్రాంతంలోని కోనసముద్రం అనే ఊరి ఉక్కు మూసల్లో కరిగి దేశాంతరాలకు వెళ్లింది. భూవిజ్ఞాని హెన్రీ వోయ్‌సీ ఆ పనిని కళ్లారా చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. అందుకు కావలసిన ఖనిజం నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి నుంచీ వచ్చేదని అందులో ఉంది. 2010లో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఈ జిల్లాల్లో చేసిన సర్వేలో ఇనుము, ఉక్కు తీసిన పాత చోట్లు వందకు పైగా నమోదయ్యాయి. ఇప్పటికీ ఎన్నో ఊళ్ల చెరువుగట్ల మీద నల్లని చిట్టెపు రాళ్లు కనిపిస్తాయి.

కరీంనగర్ వెండి తీగె

గోదావరికి ఇవతలి ఒడ్డున మరో తీగె పని ఉంది. కరీంనగర్ వెండి నగిషీ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎలగందులలో మొదలై కరీంనగర్‌కు చేరిన విద్య ఇది. వెండిని వెంట్రుకంత సన్నని తీగెగా సాగదీస్తారు. రెండు పోగులు కలిపి మెలిపెట్టి, నొక్కి చదును చేస్తారు. చుట్టలుగా, ఆకులుగా వంచి, మందమైన తీగె చట్రంలో ఒక్కొక్కటే అమర్చి, టంకంతో అతుకుతారు. అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్లేలు, నెమళ్లు ఇలా తయారవుతాయి.

ఉషేగావ్‌నూ కరీంనగర్‌నూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండుచోట్లా రూపం తీగెతోనే పుడుతుంది. కరీంనగర్‌లో తీగె వెండిది, ముక్క ముక్కకూ టంకం పెట్టాలి. ఉషేగావ్‌లో తీగె మైనంది. వేలి వేడికే ఒకదానికొకటి అంటుకుంటుంది. చివరికి ఒక్క పోతతో అంతా ఏకమవుతుంది. కూర్పు ఒక విద్య, పోత ఒక విద్య. లోహంతో సూక్ష్మమైన వస్తువు చేయడానికి ప్రపంచంలో ఎక్కడైనా ఈ రెండు దారులే ప్రధానం.

చిన్న వ్యాగన్లు, ఇంజన్ రెక్కలు

ఈ రెండు దారులూ ఒకే బల్ల మీద కలిసే చోటు రైలు నమూనాల తయారీ. ఇంగ్లండు, జర్మనీ, జపాన్, అమెరికాల్లో ఇది లక్షల మందికి అభిరుచి. వ్యాగన్‌ను విడిభాగాల పెట్టెగా కొని ఇంట్లో కూర్చుకుంటారు. పక్క గోడలు ఆమ్లంతో తొలిచిన పలుచని ఇత్తడి రేకులు. వాటిని వంచి టంకం పెట్టాలి, అంటే కరీంనగర్ పని. స్ప్రింగులు, ఇరుసు పెట్టెలు, బ్రేకు భాగాలు పోత ముక్కలు, అంటే ఉషేగావ్ పని.

ఆ పోతలు రెండు తరహాలు. చవకైనది తగరం, సీసం, ఆంటిమొనీ కలిపిన తెల్ల లోహం. తక్కువ వేడికే కరుగుతుంది కాబట్టి, గుండ్రంగా తిరిగే రబ్బరు అచ్చులో పోస్తారు. తిరిగే వేగం లోహాన్ని మూలమూలకూ నెడుతుంది. ఆ ముక్కకు మామూలు టంకం పెడితే ముక్కే కరిగిపోతుంది. అందుకని బిస్మత్ కలిసిన, 70 డిగ్రీలకే కరిగే ప్రత్యేకమైన టంకం వాడతారు. మరీ సన్నని భాగాలకు మైనపు పోత ఇత్తడే దిక్కు. వాటికి రబ్బరు అచ్చులో మైనపు నకళ్లు తీసి, ఒక మైనపు కాడకు గుత్తులుగా అతికించి, మట్టికి బదులు వేడిని తట్టుకునే జిప్సం ముద్ద పోస్తారు. మైనం నుంచి లోహం దాకా మిగతా వరసంతా ఒకటే. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలపు జింకు బొమ్మ రైళ్లు కొన్ని, లోహంలో సీసం మలినం చేరడం వల్ల, అలమరలో ఉండగానే పగిలి పొడైపోయాయి. పోతలో శుద్ధి ఎంత ముఖ్యమో చెప్పడానికి సంగ్రహకర్తలు ఈనాటికీ వాటినే చూపిస్తారు.

మన వ్యాగన్ల నమూనా చేయదలచినవారికి కొలతలోనే చిక్కు వస్తుంది. చాలా దేశాల్లో వాడే 1:87 నిష్పత్తిలో పట్టాల ఎడం 16.5 మిల్లీమీటర్లు. అది 1,435 మిల్లీమీటర్ల విదేశీ పట్టాకు సరిపోయే లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. అదే నిష్పత్తిలో 19.3 కావాలి. బజారులో దొరికే చక్రాలు వేస్తే మన వ్యాగన్ కాళ్లు దగ్గరపెట్టి నిలబడినట్టు ఉంటుంది. కాజీపేట–బల్లార్షా దారిలో బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం మీదుగా బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్‌ను సరిగ్గా చేయాలంటే ఇరుసు నుంచి సొంతంగా తయారు చేసుకోవలసిందే. ఆ వ్యాగన్ కింది కాస్‌నబ్ బోగీ చట్రం ఉక్కు పోతే. అసలు బండి పోత మీద నడుస్తుంటే నమూనాకు కూడా పోతే తగిన దారి. సన్నని మైనపు తీగెతో నెమలి తోక తీర్చే చేతులకు స్ప్రింగు చుట్ట చేయడం కష్టమేమీ కాదు. ఆ పని ఇంతవరకు వారి దగ్గరికి ఎవరూ తీసుకువెళ్లకపోతే, లోటు అడగవలసినవారిది.

ఇదే పద్ధతి అత్యంత కఠినమైన రూపంలో హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహశోధన ప్రయోగశాలలో కనిపిస్తుంది. ఇంజన్‌లో నిప్పుల వేడిలో తిరిగే రెక్కలకు అక్కడ మైనపు నమూనా చేసి, పింగాణీ పొరలు పూసి, మైనం తీసేసి, శూన్యంలో నికెల్ మిశ్రలోహం పోస్తారు. రెక్క మొత్తం ఒకే స్ఫటికంగా గడ్డకట్టేలా చూడటం అందులో అసలు విద్య. హెలికాప్టర్ ఇంజన్ కోసం అలాంటి 60 రెక్కలను హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందించినట్టు 2021లో రక్షణ పరిశోధన సంస్థ ప్రకటించింది. పళ్ల వైద్యంలో ఈ పోతను 1907లో విలియం టాగర్ట్ వ్యాప్తిలోకి తెచ్చాడు. నగల దుకాణాల్లో ‘కాస్టింగ్’ అని అమ్మే ఉంగరాలూ ఇలా పోసినవే.

ఇతర డోక్రా ప్రాంతాలు

డోక్రా అన్న పేరు తూర్పు భారతంలోని ఢోక్రా దామర్ అనే సంచార పోతగాళ్ల నుంచి వ్యాపించింది. బెంగాల్‌లో బిక్నా, దరియాపూర్, ఒడిశాలో ఢెంకనాల్ ప్రాంతం, ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ కొండగావ్ దీనికి పేరుపొందిన చోట్లు. బయటి ప్రపంచానికి ఎక్కువగా తెలిసింది బస్తర్ పనే. ఆదిలాబాద్ పనికి గోండు పూజావస్తువులతో ఉన్న విడదీయరాని సంబంధమే దాని ప్రత్యేకత.

నేటి స్థితి

భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది. ఆదిలాబాద్ డోక్రా అన్న పేరుతో ఇంకోచోటి సరుకు అమ్మకుండా చట్టం అడ్డుపడుతుంది. పని దొరకడం, ధర గిట్టడం దాని చేతుల్లో లేవు. ఇత్తడి, మైనం, కట్టెలు, మూడూ కొనుక్కోవలసినవే. ఒక పోత చెడితే ఇత్తడి మళ్లీ కరిగించుకోవచ్చు గానీ, మైనం మీద పెట్టిన రోజులు తిరిగిరావు. అచ్చుల్లో గుత్తగా పోసి, పైన గీతలు గీసిన చవక బొమ్మలు అదే దుకాణంలో పక్కనే ఉంటాయి. తేడా తెలియని కొనుగోలుదారు ధర ఒక్కటే చూస్తాడు. పిల్లలు ఈ పనిలోకి రావడానికి వెనుకాడడంలో ఆశ్చర్యం లేదు.

పాఠశాలల్లో, ఐటీఐల్లో పోత పాఠం చెప్పేవారు ఒక ఓజా చేత ఒక్క పూట పోత పోయించి చూపిస్తే, మైనం తూకం నుంచి మంట రంగు దాకా పిల్లలకు ఏ పుస్తకమూ చెప్పలేనంత తెలుస్తుంది. ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్న కరీంనగర్ నుంచి ఉషేగావ్ ఒక పూట ప్రయాణం.

కొనేవారు గమనించవలసినవి కొన్ని. బొమ్మను తిప్పి అడుగు చూడాలి. అసలు పనిలో అతుకు కనిపించదు. బోలు వస్తువైతే లోపల కాలిన మట్టి ఆనవాలు ఉంటుంది. ఒంటి మీది గీతలు తీగె చుట్టినట్టు గుండ్రంగా ఉబ్బి ఉండాలి, లోపలికి గీరినట్టు ఉండకూడదు. గంటైతే మోగించి వినాలి. రెండు బొమ్మలు తేడాగా ఉన్నాయని ధర తగ్గించమని అడగకూడదు, ఆ తేడాయే అది చేతి పోత అనడానికి రుజువు. కావలసినది చేయించుకునేవారు నెల ముందు చెప్పి, సగం డబ్బు ముందుగా ఇవ్వాలి. మైనమూ ఇత్తడీ ఆ డబ్బుతోనే కొంటారు.